212 మంది ఉన్న గ్రూపు నుంచి ధర్నాకు 14 మంది వచ్చారు, ఇప్పుడేం చేయాలి?

వానొస్తే_టెన్షన్

అందరికీ నమస్తే. మాది హన్మకొండలో నాలా (వాననీళ్లు, మురుగు పోయే పెద్ద కాలువ) ఒడ్డున ఉన్న ఒక కాలనీ. పేరు రాయను, రాస్తే ముందు మా కాలనీ వాళ్లే నా మీద పడతారు. 2023 జూలై 27 పొద్దున మా ఇంట్లో మంచం కోళ్లు మునిగాయి, బియ్యం డ్రమ్ము హాల్లో తేలుకుంటూ తిరిగింది. అంత వాన మళ్లీ పడకపోయినా, గంటసేపు గట్టిగా కొడితే చాలు, పాదం మునిగేంత నీళ్లు ఇంట్లోకి వచ్చేస్తున్నాయి. ఫ్రిజ్ నాలుగు ఇటుకల మీద ఉంటుంది మా ఇంట్లో, వచ్చిన చుట్టాలు ఇదేం వాస్తు అని అడుగుతారు.

నాలా బాగు చేయాలని మొన్న ఆదివారం కాలనీ గేటు దగ్గర ధర్నా పెట్టాం. వాట్సాప్ గ్రూపులో 212 మంది ఉన్నాం. ముందురోజు రాత్రి సగం మందికి పైగా బొటనవేలు గుర్తు కొట్టారు, "తప్పకుండా వస్తాం", "మన హక్కు మనం అడగాలె" అని కూడా రాశారు. తెల్లారి లెక్క పెడితే 14 మంది. అందులో ఇద్దరు పిల్లలు, ఇంకొకాయన పాలు పోయడానికి వచ్చి ఏం జరుగుతుందో చూద్దామని ఆగినాయన. ఫ్లెక్సీకి 1,800 అయింది, అది కూడా నా జేబులోంచే. పేపర్ విలేకరి ఫొటో తీసే టైంకు ఎవరో లీడర్ దగ్గర తిరిగే మనిషి బండి మీద వచ్చి మధ్యలో నిలబడ్డాడు. పేపర్లో మన ఏరియా వార్తల పేజీలో ఆయన నిండుగా పడ్డాడు, నాదైతే మోచేయి పడింది.

ఇప్పుడు నాకు మూడు డౌట్లు. మెయిన్ రోడ్డు మీద రాస్తారోకో చేస్తేనే కదులుతారు అని కుర్రాళ్లు అంటున్నారు, నిజమేనా? పర్మిషన్ ఎవరిని అడగాలి, అడిగితే ఇస్తారా? ఇక మూడోది అసలు గొడవ. నాలా ఒడ్డున నలభై దాకా గుడిసెలు, రేకుల ఇండ్లు ఉన్నాయి. వాటి వల్లే నాలా ఇరుకైంది, వాళ్లను ఖాళీ చేయించడమే మన మొదటి డిమాండ్ అని కాలనీలో సగం మంది మాట. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ అయితే బస్తీ వాళ్లను పిలిస్తే నేను రానన్నాడు. పిలవలేదు. ఆయన రాలేదు కూడా, అది వేరే సంగతి.

కాజీపేట_పాత_గార్డు

తమ్ముడూ, మొదటిసారి 14 మంది అంటే తక్కువేం కాదు. ఓపిక సంగతి నన్నడుగు. కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ కావాలన్న డిమాండ్ 1980లలోది. అది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2014 విభజన చట్టంలో దాని గురించి ఒక లైను రాశారు, చివరికి 2023 జూలై 8న ప్రధాని వచ్చి వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు జెండా పట్టుకున్న డిమాండ్, నేను రిటైరయ్యాక కొబ్బరికాయ కొట్టుడు దాకా వచ్చింది. మధ్యలో ఎన్ని దీక్షా టెంట్లు చిరిగిపోయాయో లెక్కలేదు. మీకు నలభై ఏళ్లు పడుతుందని కాదు నేననేది, ఒక్క ఆదివారానికే మనసు చిన్నబుచ్చుకోకండి అంటున్నా.

ఒకటి మాత్రం వినండి. కుర్రాళ్లు రేపు రాస్తారోకో అంటారు, ఎల్లుండి రైల్ రోకో అంటారు. పట్టాల మీద మాత్రం కూర్చోవద్దు. రైల్వే చట్టం 174 సెక్షన్, రెండేళ్ల దాకా జైలు రాసి ఉంది అందులో. తెలంగాణ ఉద్యమంలో పట్టాల మీద కూర్చున్న పోరగాళ్లు తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం నా కళ్లారా చూశాను. రాష్ట్రం వచ్చింది, పోలీసు కేసులు ఎత్తేశారు, రైల్వే కేసులు మాత్రం వెంటబడ్డాయి. అప్పుడంటే రాష్ట్రం కోసం, సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది, జనం జనమే రోడ్డు మీద ఉన్నారు. నాలా కోసం కేసు పెట్టించుకొని పాస్‌పోర్టు పోగొట్టుకుంటారా?

అండర్‌బ్రిడ్జి_అవతల

నేను వరంగల్‌లో అండర్‌బ్రిడ్జి అవతలి దాన్ని. మా గల్లీ డ్రైనేజీ కోసం మేం ఆడవాళ్లం ఎనిమిది నెలలు తిరిగాం, అయింది. అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోకు.

వాట్సాప్‌లో పిలిస్తే పెళ్లికే రారు తమ్ముడూ, ధర్నాకు వస్తారా? మేం మొదట నీలాగే మెసేజ్ పెట్టాం, తొమ్మిది మంది వచ్చారు. రెండోసారి మా పక్కింటి అత్తమ్మ కుంకుమ భరిణె పట్టుకొని ఇంటింటికీ పోయింది. బొట్టు పెట్టి "బుధవారం పదకొండు గంటలకు రావాలె బిడ్డా" అని చెప్పి వచ్చింది. బొట్టు పెట్టించుకున్నాక రాకుండా ఉండటం మన దగ్గర అంత ఈజీ కాదు. అరవై మంది దాటారు. ఇంకొకటి టైం. ఆదివారం పొద్దున అంటే ఇంట్లో చికెన్ పొయ్యి మీద ఉంటుంది, నల్లా (కుళాయి నీళ్లు) వచ్చే రోజైతే అసలే ఎవరూ కదలరు. (నల్లా కోసం ఇంట్లో ఉండిపోయి నాలా కోసం రాలేదు మీవాళ్లు, రాసి పెట్టుకో.) మేం పదకొండు నుంచి మూడు మధ్యలో పెట్టుకున్నాం, మొగవాళ్లు పనులకు పోయాక, పిల్లల స్కూల్ బస్సు రాకముందు.

ధర్నాలో ఊరికే నినాదాలు కాదు, చూసినవాళ్లకు గుర్తుండాలి. మా రోడ్డు బురదగుంటలో మేం వరి నాట్లు వేశాం. నాట్లేసుడు వచ్చినవాళ్లు మాలో చాలామందే ఉన్నారు, మా అత్తగారి ఊరు నర్సంపేట దిక్కు, నారు కట్టలు అక్కడి నుంచే బస్సులో తెచ్చాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు కూడా. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకొని వరుసగా నిలబడి నిజం నాట్లలాగే పాటందుకున్నాం. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి వీడియోలు తీశారు. రెండు రోజుల్లో మొరం పోశారు. మొరం పోయడమే, డ్రైనేజీ కాదు! అక్కడ సంబరపడి ఇంటికి పోయి ఉంటే అంతటితో అయిపోయేది.

తర్వాత చేసిన పనికి ఫొటోలు లేవు, కానీ పనైంది దానివల్లే. ప్రతి సోమవారం ఇద్దరు చొప్పున వంతులు వేసుకొని సర్కారు ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయాం. ఇచ్చిన ప్రతి కాగితానికి రశీదు తీసుకొని నోట్‌బుక్‌లో అంటించాం. ఇరవై రశీదులు దాటాక ఆ నోట్‌బుక్ చూస్తేనే అక్కడి సార్లకు చెమటలు పట్టేవి. "అమ్మా మళ్లీ వచ్చారా" అనేవాళ్లు. "పనయ్యేదాకా వస్తాం సార్" అనేవాళ్లం, అంతే, కోపం చేయలేదు, కాళ్లు పట్టుకోలేదు.

ఆ బస్తీ వాళ్ల సంగతి. వాళ్లను వదిలేసి మీరేం పొడుస్తారు? నాలా పొంగితే ముందు మునిగేది వాళ్ల ఇండ్లే కదా.

నల్లకోటు_అదాలత్

పర్మిషన్ గురించి చెప్తాను. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19(1)(బి)లో ఉంది. కానీ సిటీలో ఎక్కడ, ఎప్పుడు అన్నది పోలీసులు చెప్తారు. నాలుగైదు రోజుల ముందే ఏసీపీ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ఎన్ని గంటలకు, ఎంతమంది, మైకు ఉందా లేదా అన్నీ రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. హన్మకొండలో ధర్నా అంటే అలవాటుగా ఏకశిల పార్కు దగ్గరే, అక్కడైతే పెద్దగా ఇబ్బంది పెట్టరు. గుంపుగా చేరొద్దనే పాత 144 సెక్షన్ ఇప్పుడు 163 అయింది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో. మన హైవే నంబరు కూడా 163 కాబట్టి గుర్తుపెట్టుకోవడం సులువు. ఆ ఉత్తర్వులు అమల్లో ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

రాస్తారోకో చేస్తే న్యాయ సంహిత 285 కింద దారికి అడ్డం పడ్డారని కేసు పెడతారు, 5,000 దాకా జరిమానా. దానికి 126(2) (మనుషులను అడ్డుకోవడం), 223 (ఉత్తర్వు మీరడం) కూడా జోడిస్తారు. ఇవి పెద్ద కేసులు కావు. కానీ మీ గ్రూపులో గవర్నమెంట్ ఉద్యోగం కోసం చదువుతున్న పిల్లలుంటే వాళ్లను ముందు వరుసలో నిలబెట్టకండి, ఫారంలో కేసుల కాలమ్ నింపేటప్పుడు ఆ చిన్న కేసే కొండంత కనిపిస్తుంది. ఇంకో అలవాటు ఉంది, మంత్రి టూర్ ఉందంటే తెల్లవారుజామునే ముందస్తు అరెస్టులు. తీసుకుపోయి, ఉప్మా పెట్టి, సాయంత్రం సొంత పూచీకత్తు మీద పంపిస్తారు. కంగారు పడొద్దు, కానీ సంతకం పెట్టే కాగితం చదవండి. అది ఖాళీ కాగితమైతే పెట్టకండి.

కాగితాల పని ఇంతకంటే ముఖ్యం. సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు అది కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. "మా నాలా ఎందుకు శుభ్రం చేయలేదు" అని అడగకండి, ఎందుకు అన్నదానికి వాళ్లు జవాబివ్వరు. కాగితం అడగండి: గత మూడేళ్లలో ఈ నాలా పూడికతీత ఎస్టిమేట్ నకలు, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, బిల్లు చెల్లించిన తేదీ. సర్వే ఆఫీసు నుంచి గ్రామ నక్ష (మ్యాపు), ఆ సర్వే నంబర్ల టీపన్ (హద్దుల కొలతల కాగితం). పారిశుధ్యం మీద పర్మనెంట్ లోక్ అదాలత్‌కు కూడా పోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, కాకపోతే అదే విషయం మీద ముందే కోర్టులో కేసు ఉండకూడదు.

గుడిసెల మీద ఒక మాట. సర్కారు స్థలంలో 125 గజాల లోపు ఉన్న ఇండ్లకు జీవో 58 కింద క్రమబద్ధీకరణ పెట్టారు గానీ నాలా, శిఖం (చెరువు) భూములకు అది పనిచేయదు. కాబట్టి వాళ్లకు చట్టంలో బలం తక్కువ, నిజమే. అలాగే 2012 నాటి జీవో 168 ప్రకారం పది మీటర్ల దాకా వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకంటే వెడల్పుంటే 9 మీటర్లు వదిలి కట్టాలి. ఇది రేకుల ఇంటికే కాదు, అపార్ట్‌మెంట్‌కు కూడా వర్తిస్తుంది. మీ కాలనీలో టేపు పట్టి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాత_వర్క్_ఇన్‌స్పెక్టర్

లాయర్ సార్ చివరి లైన్లో అసలు సంగతి పట్టుకున్నారు. ముప్పై ఏళ్లు నాలాల పక్కన గొడుగు పట్టుకొని నిలబడ్డవాణ్ణి, ఏ ఊర్లో అన్నది వద్దులెండి.

నాలా ఇరుకైందని అందరూ ఒడ్డునే చూస్తారు. ఒడ్డున ఒక గుడిసె రెండడుగులు ముందుకొస్తే నీళ్లు దాన్ని ఒరుసుకుంటూ పోతాయి, ఎక్కువైతే గుడిసెనే తీసుకుపోతాయి. నీళ్లు ఆగేది అడ్డంగా కట్టినదాని దగ్గర. తక్కువ ఎత్తు కల్వర్టు, నాలాకు అడ్డంగా వేసిన మంచినీళ్ల పైపులైను, దానికి చిక్కుకునే పరుపులు, కొబ్బరి మట్టలు, పెళ్లి ప్లేట్లు. ఒక పరుపు చాలు, గల్లీ మొత్తం ముంచడానికి. నేను ఒకసారి కల్వర్టు కింద నుంచి సోఫా తీయించాను, మూడు సీట్లది.

హన్మకొండ నయీంనగర్ నాలా మీది బ్రిడ్జి సంగతి మీ అందరికీ తెలుసు. పాత బ్రిడ్జి తీసేసి 2024లో కొత్తది ఎందుకు కట్టారు? బ్రిడ్జి కింద దారి చాలకనే. అలాగే పూడిక తీసి ఒడ్డునే పోస్తే మొదటి వానకే అది మళ్లీ లోపలికి జారుతుంది, బిల్లు మాత్రం బయటికి వస్తుంది. ఎం.బుక్‌లో ఎన్ని ట్రాక్టర్ల మట్టి ఎక్కడికి తరలించారో రాసి ఉంటుంది, అది అడగండి.

ధర్నాలు తర్వాత. ముందు ఒక 30 మీటర్ల టేపు కొనండి, ఎగువ నుంచి దిగువ దాకా యాభై అడుగులకొకచోట వెడల్పు, లోతు కొలవండి. ప్రతి కల్వర్టు కింద ఖాళీ ఎంతుందో రాయండి. 2023 వాన నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడల మీద గుర్తులు ఇంకా కనిపిస్తాయి, వాటిని కూడా ఫొటో తీయండి. కొలత చేతిలో ఉంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ముందర కుర్చీ వేసి కూర్చోబెడతాడు. కొలత లేకపోతే "చూస్తాంలే" అంటాడు.

నాలా_ఒడ్డు_పోరడు

ఈ పోస్టు నాకు మా దోస్తు పంపించాడు. నేను మీరు చెప్పే ఆ నలభై ఇండ్లలాంటి ఒక ఇంట్లోనే పుట్టాను, మీ కాలనీయా వేరేదా తెలియదు, ఎక్కడైనా కథ ఒకటే. మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పని చేసేవాడు. మిల్లు మూతబడ్డాక కిరాయి కట్టలేక ఇటు వచ్చి రేకులు వేసుకున్నాడు. అప్పుడు ఇక్కడ కాలనీ లేదు, పొలాలే. ఇంటి నంబరు ఇచ్చారు, కరెంటు మీటర్ ఇచ్చారు, ఓట్లప్పుడు మా అమ్మ పేరు పెట్టి పిలుస్తారు. వాన పడినప్పుడు మాత్రం మేం కబ్జాదారులం.

మీ ఫ్రిజ్ ఇటుకల మీద ఉంది కదా అన్నా, మా చెల్లె పుస్తకాలు దూలానికి వేలాడదీసి ఉంటాయి. మీకు పాదం మునిగేటప్పటికి మేం పిల్లలను ఎత్తుకొని స్కూల్ వరండాకు పోయి ఉంటాం. మీ అపార్ట్‌మెంట్ల ఇండ్లల్లో పనిచేసేది కూడా మా అమ్మలే. వాళ్లను ధర్నాకు పిలవద్దంటే ఎట్లా అనిపించిందో చెప్పలేను. పిలిచి ఉంటే 14 కాదు, నూట పద్నాలుగు అయ్యేది.

వానొస్తే_టెన్షన్

తమ్ముడూ, తప్పు నాది కూడా ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి నిజాయితీగా అడుగుతా. రేపు నాలా వెడల్పు చేస్తామని సర్వే చేస్తే మార్కింగ్ మీ ఇండ్ల మీదే పడుతుంది. అప్పుడు మీరు మాతో ఉంటారా, మాకు ఎదురు తిరుగుతారా? ఇది ముందే మాట్లాడుకోకపోతే మధ్యలో పగిలిపోతాం.

నాలా_ఒడ్డు_పోరడు

ఇల్లు ఇచ్చి తియ్యమనండి, మేమే మూట కట్టుకుంటాం. మురుగు పక్కన ఉండాలని ఎవరికి సరదా? సర్కారు డబుల్ బెడ్రూం ఇండ్లు అన్నారు, లిస్టులన్నారు, ఇప్పటికీ తిరుగుతున్నాం. మీ వినతిపత్రంలో "ఇండ్లు చూపించాకే ఖాళీ చేయించాలి" అనే లైను రాసి మీ సెక్రటరీతో సంతకం పెట్టించండి. అప్పుడు మా గల్లీ మొత్తం వస్తుంది.

అండర్‌బ్రిడ్జి_అవతల

వాడు అడిగింది న్యాయమే. 2022లో వరంగల్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు కలిపి తీసుకోవడం) అని నోటిఫికేషన్ వచ్చినప్పుడు 27 ఊర్లు, 21 వేల ఎకరాల పైమాట. పెద్ద రైతు, ఎకరం రైతు అని విడిపోలేదు కాబట్టే సర్కారు వెనక్కి తీసుకుంది. మా తమ్ముడి భూమి కూడా అందులో ఉండె.

వానొస్తే_టెన్షన్ (16 రోజుల తర్వాత)

అప్‌డేట్ ఇస్తున్నా. టేపు కొన్నాం. పోయిన రెండు ఆదివారాలు కొలిచాం, నేను, మా కాలనీ నుంచి ముగ్గురు, బస్తీ నుంచి ఆరుగురు పోరగాళ్లు. వాళ్లు నాలాలోకి దిగారు, మేం పైనుంచి రాసుకున్నాం, ఇది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది. రెండో ఆదివారం నేను కూడా దిగాను. గంబూట్లలోకి నీళ్లు పోయి ఇప్పటికీ వాసన పోలేదు, మా ఆవిడ వాటిని బాల్కనీ నుంచి కూడా బయట పెట్టించింది.

గుడిసెల దగ్గర నాలా వెడల్పు 19 అడుగులు. ఒకచోట 17. దిగువన పెద్ద కల్వర్టు దగ్గర 20. అంతా బాగానే ఉంది కదా మరి నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయని ఎగువకు నడుచుకుంటూ వచ్చాం. మా అపార్ట్‌మెంట్ గేటు ముందర ఆగాం. కార్లు లోపలికి రావడానికి నాలా మీద వేసిన సిమెంటు ర్యాంపు ఉంది కదా, దాని కింద నీళ్లు పోవడానికి రెండంటే రెండు పైపులు. ఒక్కోటి మూడడుగులు. అందులో ఒకటి సగం దాకా పూడుకుపోయింది. ఒక పోరడు టార్చ్ వేసి చూసి ఏమీ అనకుండా నా మొహం చూశాడు. తొమ్మిదేళ్లుగా రోజూ దాని మీద నుంచే బండి తోలుతున్నా, దాని కింద ఏముందో ఒక్కనాడు వంగి చూడలేదు.

కొలతలన్నీ గ్రూపులో పెట్టాను. 212 మందిలో ఒక్క బొటనవేలు రాలేదు. సెక్రటరీ గ్రూపు నుంచే వెళ్లిపోయాడు. ర్యాంపు తీస్తే కార్లు ఎక్కడ పెట్టాలని ముగ్గురు ఫోన్ చేశారు, ఇద్దరు తిట్టారు. ఆర్టీఐ వేశాం, జవాబుకు ఇంకా టైం ఉంది. వచ్చే సోమవారం ప్రజావాణికి బస్తీ వాళ్లతో కలిసి పోతున్నాం, వినతిపత్రంలో ఇండ్ల లైను రాశాం, ర్యాంపు లైను కూడా రాశాం. రెండోదాని మీద మా అపార్ట్‌మెంట్ నుంచి ఇప్పటిదాకా నాలుగే సంతకాలు.

పాత_వర్క్_ఇన్‌స్పెక్టర్

అనుకున్నాను. ర్యాంపు పూర్తిగా తీయాల్సిన పని లేదు. పైపులు తీసేసి, నాలా వెడల్పంతా వదిలి, పైన స్లాబ్ వేయిస్తే కార్లు పోతాయి, నీళ్లు పోతాయి. ఖర్చు మీ ఫ్లాట్లన్నీ పంచుకుంటే ఒక్కో ఇంటికి ఫ్రిజ్ రిపేరు అంత కూడా కాదు. ఇంజినీర్‌తో డ్రాయింగ్ గీయించుకొని పర్మిషన్ అడగండి. ఈలోపు ఆ పూడుకుపోయిన పైపైనా శుభ్రం చేసుకోండి, దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

నల్లకోటు_అదాలత్

సోమవారం పోయేటప్పుడు మీ ర్యాంపు ఫొటో మీరే ముందు ఇవ్వండి. అవతలివాళ్లు బయటపెడితే మీ మిగతా కాగితాలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి.

నాలా_ఒడ్డు_పోరడు

అన్నా, మా దగ్గర పారలు ఉన్నాయి, పొడుగు గడ్డపార ఒకటి ఉంది. పైపు సాఫ్ చేయడానికి ఆదివారం పొద్దున ఆరింటికి రమ్మంటారా? గంబూట్లు తెచ్చుకోకండి, వాటితో జారుతుంది.